జిగురు ఆరేదాకా

సెప్టెంబరు ఇరవై నాలుగు, శనివారం. ఆ రోజు తిన్న తిండి యోసేపుకు ఇంకా నాలుక మీదే ఉంది. వేడి అన్నం, పచ్చిపులుసు, అంచుకు కాల్చిన ఎండుచేప. మహబూబాబాద్ స్టేషన్లో పట్టాల మధ్య కంకర మీద మూడు రాళ్లు పెట్టి వండిన అన్నం అది. తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెలో ఉన్నారు, ఆ రోజు రైల్‌రోకో. ముందురోజే వచ్చి, పని చూసుకుని జనగామ తిరిగిపోదామని స్టేషనుకు వచ్చినవాడు, ఏ రైలూ కదలదని తెలిసి, అందరితో పాటు పట్టాల మీద కూర్చుని విస్తరి పట్టాడు. రెండు మోకాళ్ల మధ్య గోనెసంచి, సంచిలో ఇనుప ముద్ద. వంగి వంగి చూసిన కానిస్టేబులు చివరికి ఉండబట్టలేక అడిగేశాడు. "ఏంది సార్ గది? బాంబా?" "సిలిండర్ బ్లాకు" అన్నాడు యోసేపు. "ఇంజన్‌ది." కానిస్టేబులు సంచి మూతి తెరిచి, లోపల అద్దంలా మెరిసే గుండ్రటి బోలులో తన ముఖమే సాగి కనిపిస్తే చూసుకుని, మీసం సవరించుకుని, "పచ్చిపులుసు ఇంకింత పోయమ్మా సారుకు" అని వడ్డించే ఆమెకు చెప్పి పోయాడు. లోకంలో ఇలాంటి చిన్న చిన్న దయలు ఎన్ని ఉంటాయో, ఎవరూ రాసి పెట్టరు గానీ, వాటి మీదే మనిషి నడుస్తుంటాడు.

ఆ బ్లాకే ఇప్పుడు ఎదురుగా ఉంది. దాని లోపల పిస్టను, పైన హెడ్డు, పక్కన మూత, మూత అంచు పొడుగునా సన్నగా ఉబికిన నల్లటి గ్యాస్కెట్ జిగురు. గంటసేపు ఆరాలని ట్యూబు మీద రాసి ఉంది. ఆరకముందు నూనె పోస్తే కారిపోతుంది, కారితే మూత మళ్లీ విప్పాలి. కాబట్టి గంట. తను అద్దెకుంటున్న ఇంటి భద్రమ్మ గారి బర్రెల కొట్టం గడప మీద యోసేపు మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు. దసరా పోయి వారం, సాయంత్రపు ఎండ కొట్టంలోకి ఏటవాలుగా పడి, బర్రెలు లేని చోట నిలబెట్టిన ఆ నాలుగు చక్రాల బండి మీద పాకుతోంది. మోటారు సైకిలు హ్యాండిలు, ట్రాక్టరు టైర్ల వంటి బుడిపెల టైర్లు, జీనులాంటి సీటు. జనగామ చౌరస్తాలో మెకానిక్ చుట్టూ ఓసారి తిరిగి చూసి చేతులెత్తేసిన బండి. "గిది బండీ గాదు, ట్రాక్టరూ గాదు. నాతోని గాదు సార్." ఇందాకే కాటారం నుంచి గీత ఫోను చేసింది. అక్కడి మిషన్ దవాఖానలో నర్సు. "సార్, రేపు పొద్దుగాల డీసీఎం వ్యాను వస్తది. దవాఖాన బండని రాస్తరోకోల వదులుతున్నరు. డాక్టరు సారు ఒకటే మాటన్నడు. స్టార్టయితే ఇక్కడికి తెమ్మన్నడు, కాకుంటే అటునుంచి అటే వరంగల్‌ల తుక్కుకు వెయ్యమన్నడు." ఆగి, గొంతు తగ్గించి, "అయితదా సార్?" అంది. అవుతుందని అనలేదు యోసేపు. జిగురు పెట్టిన అన్నాడు. ఆ మాటలో ఏం ధైర్యం వినపడిందో ఆ పిల్లకు, "అయితే మంచిది" అని పెట్టేసింది. వాగవతలి గూడేలకు ఇప్పుడు నడిచే పోతోందట. మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని. జ్వరాల కాలం.

ఆ దారిలో యోసేపు భార్య శ్రీలత నడవలేదు. ఈ బండి వచ్చాక నడవలేదు. ఏ దేశంలోనో ఎవరో పుణ్యాత్ములు పంపితే ఓడలో వచ్చి, కాటారం దవాఖాన ముందు దిగిందట అది. డ్రైవర్లు నడపడానికి జంకుతుంటే, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ఆమే ఎక్కి కూర్చుందట. యోసేపు ఉద్యోగం జనగామలో, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు. ఆమె ఉద్యోగం అక్కడ, ఆ దవాఖానలో. శనివారం ఆమే వచ్చేది, భూపాలపల్లి దాకా ఒక బస్సు, అక్కడ బొగ్గుబాయి షిఫ్టు దిగిన నల్లటి ముఖాల మధ్య టీ, అక్కణ్నుంచి ఇంకో బస్సు. ఒకసారి తనే వెళ్లాడు. పొద్దున్నే మంచులో ఆమె బండి తీయడం చూశాడు. ముందు చీపురుపుల్ల ఒకటి పెట్రోలు ట్యాంకులో ముంచి, తడి ఎంతదాకా వచ్చిందో వేలితో కొలిచింది. తరువాత ఎడమ పక్కకు వంగింది. చెయ్యి సీటు కిందికి పోయింది, తల వంచి ఒక్క క్షణం అలాగే ఉంది, లేచి తాడు లాగింది. బండి గుర్రుమని లేచింది. ఆ వంగడం యోసేపు మనసులో పడిపోయింది. ప్రార్థన చేసుకుంటోంది అనుకున్నాడు. ఎవరి ప్రార్థన వాళ్ల సొంతం గనుక అడగలేదు. వెనక కూర్చోబెట్టుకుని వాగులోకి దింపినప్పుడు మాత్రం ఆమె నడుం గట్టిగా పట్టుకున్నాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. "ఫిజిక్సు సారు భయపడుతున్నడు" అని ఆమె నవ్వితే వాగు అవతల బట్టలుతికే ఆడవాళ్లు కూడా నవ్వారు. ఎంత కాలమైంది. రెండేళ్లు దాటింది ఆమె పోయి. మెదడులో నరం చిట్లిందన్నారు, నొప్పి తెలిసి ఉండదన్నారు. ఆ మాట అన్న డాక్టరు ముఖంలో నిద్రలేని ఎరుపు ఉంది, అది కూడా ఒక దయే.

జిగురు మీద వేలు ఆనించి చూడబోయి ఆగాడు. పెట్టకూడదు. పొడుగునా ముద్ర పడుతుంది. ఎండ టైరు మీద నుంచి చక్రం నడుమకు వచ్చింది. పెట్రోలు వాసన, దాని కింద ఎప్పుడో పోయిన బర్రెల వాసన, ఎండిన తంగేడు పూల వాసన. ఇరవై ఏళ్లకు పైగా ఇంజను పాఠానికి బోర్డు మీద నాలుగు డబ్బాలు గీశాడు. పీల్చు, నొక్కు, మండు, వదులు. సుద్దముక్కతో గీసిన పిస్టన్లు ఎప్పుడూ ఎక్కడ గీస్తే అక్కడే నిలబడేవి. "పుస్తకంల ఇంజను ఎప్పుడూ ఖరాబు గాదు, అదే నీ అదృష్టం" అనేది శ్రీలత. ఈ ఇంజను మాత్రం ఖరాబైంది. జూన్ వానల్లో గీత వాగు దాటిస్తుంటే నీళ్లు పీల్చుకుని ఆగింది, ఆగినది ఆగినట్టే తుప్పు పట్టి బిగుసుకుంది. తుక్కుకు వేస్తున్నామని దవాఖాన నుంచి కబురు తెలిసినప్పుడు, నాకు పంపండి అని యోసేపు నోట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. అప్పటికి అతను సైకిలు పంక్చరు కూడా వేసి ఎరగడు. ఆగస్టులో బండి దిగింది. సెప్టెంబరులో సమ్మె మొదలైంది, కాలేజీకి తాళం పడింది. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం నుంచి కొట్టంలో ఒక్కో బోల్టూ విప్పడం. విప్పినదాన్ని విప్పినట్టు కిరోసిన్‌లో కడిగి, సుద్దతో నంబరు వేసి, నవారు మంచం మీద వరుసగా పరచడం. తిరిగి పెట్టేటప్పుడు ఆ వరుసనే వెనక నుంచి చదివితే సరిపోతుందని అతని లెక్క. మంచి విద్యార్థి లెక్క. సిలిండరు గోడ మీద మాత్రం గీతలు, గోరు దిగేంత లోతు. కొత్త పిస్టను కోసం విజయవాడ దుకాణానికి ఫోను చేస్తే, అవతలి మనిషి విషయం వినకముందే నవ్వాడు. "గదీ గిదీ అంటున్నారేంటండీ, సినిమాలో కమెడియన్‌లాగా." యోసేపు కోప్పడలేదు. కోపం అతనికి ఆలస్యంగా వస్తుంది, వచ్చేసరికి ఎదుటివాళ్లు ఉండరు. ఫోను పెట్టేసి, తన వెర్నియర్ కాలిపర్స్ తీసి, పాత పిస్టన్‌ను నాలుగు పక్కలా కొలిచాడు. ఎమ్మెస్సీలో కొనుక్కున్న కొలతల పనిముట్టు అది. ఇన్నేళ్లూ గోళీలను, సీసపు గుండ్లను కొలిచింది. మొదటిసారి ఒక అక్కరను కొలిచింది.

పిన్ను మందం సరిపోయే దేశవాళీ పిస్టను జనగామలోనే దొరికింది, కొంచెం సన్నం. సన్నానికి ఉపాయం మహబూబాబాద్‌లో గోప్యా చెప్పాడు. లేతు మిషను గోప్యా, పక్క తండా మనిషి. "సిలిండర్‌ల కొత్త స్లీవు, తొడుగు లెక్క, కొడదాం సార్, కొట్టి మీ పిస్టన్ కొలతకు బోరు చేద్దాం. విజయవాడెందుకు, మన దగ్గర్నే అయితది." కానీ కరెంటు లేదు. భూపాలపల్లి కార్మికులు బాయి దిగడం మానేశారు, బొగ్గు లేక కరెంటు గంటలు గంటలు పోతోంది. బోరు సగంలో ఉండగా పోతే లోపల మెట్టు పడుతుంది. "పోనీ సార్ కరెంటు, మనోళ్లే గదా ఆపింది" అంటూ గోప్యా పొలంలో నీళ్లు తోడే డీజిల్ ఇంజను ఎడ్లబండి మీద తెప్పించి, దాని బెల్టు లేతుకు తగిలించాడు. ఇంజను మోగుతుంటే ఇంజను పుట్టింది. ఆ రాత్రి తండాలోనే పడుకున్నాడు. గోప్యా తల్లి తమ భాషలో ఏదో అంటూ దుప్పటి తెచ్చి కప్పింది. అర్థం కాకపోయినా, ఆ మాట యోసేపుకు అర్థమైంది. ఇంక హెడ్డు కింద వేసే గ్యాస్కెట్. దాన్ని పెంబర్తిలో చేయించాడు. దేవుళ్లకు కవచాలు సాగగొట్టే చేతులు, రాగిరేకు మీద పాత గ్యాస్కెట్ పెట్టి గీసి, కత్తిరించి, ఎర్రగా కాల్చి మెత్తబరిచి ఇచ్చాయి. ఆ ఇంజనులో ఇప్పుడు మూడు ఊళ్ల పని ఉంది. బోర్డు మీద నాలుగు డబ్బాల్లో అదంతా ఎక్కడ గీస్తారు.

అన్నీ అమరాయి, ఇక వెనక నుంచి చదవడమే అనుకున్న రోజు దసరా. పొద్దున రఘునాథపల్లిలో ఒక ముసలాయన సమాధి ప్రార్థనకు వెళ్లి మధ్యాహ్నం వచ్చి చూస్తే, నవారు మంచం ఖాళీ. కొట్టంలో పెద్ద ఇత్తడి తాంబాళం, దాని మీద ఇంజను. కాదు, ఇంజను ముక్కలు. గేర్లు అన్నిటికన్నా అడుగున, పెద్దది కింద, చిన్నది పైన, వాటి మీద వాల్వులు కాడలు లోపలికి పెట్టి చుట్టూ గుండ్రంగా, వాటి మీద స్ప్రింగులు, వాషర్లు, అన్నిటికీ పైన తళతళలాడే కొత్త పిస్టను. రెండు రోజుల కింద వీధిలో పేర్చిన బతుకమ్మను ఎలా పేర్చిందో అచ్చం అలాగే పేర్చింది ఇంటి యజమానురాలు భద్రమ్మ. పేర్చే ముందు ఒక్కో ముక్కనూ చింతపండుతో తోమింది, పాత చీరతో తుడిచింది, ఒక్కో దానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. సుద్ద నంబరు ఒక్కటి మిగల్లేదు. టైమింగ్ చెయిను మీద తను పెట్టుకున్న తెల్లరంగు చుక్కను కూడా గోటితో గీకి తీసేసి, ఆ చోట బొట్టు పెట్టింది. "కత్తికీ కొడవలికీ పెట్టుకుంట, దీనికి మాత్రం పెట్టకుంటె ఎట్ల బిడ్డా" అంది. "మీరు దేవుని బిడ్డలు, మీరు పెట్టరు. అందుకె నేనే పెట్టిన. సుద్ద గీతలు ఎవరో పోరగాండ్లు గీసిన్రు, అవి గూడ మంచిగ కడిగిన." ముఖం వెలిగిపోతోంది ఆమెకు. యోసేపు తాంబాళం ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏదో అనాలి. "మంచిగ పేర్చినవవ్వా" అన్నాడు. అన్నాక చూస్తే నిజంగానే మంచిగా ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక, వరుస పోయింది గనుక, వరుస కాకుండా ఇంకేముందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక్కో ముక్కనూ చేతిలోకి తీసుకుని, నువ్వెవరు, నీ పనేమిటి అని అడిగాడు. ఈ పళ్లు దేనిని పట్టుకుంటాయి, ఈ గాడిలోంచి నూనె ఎక్కడికి పోతుంది, ఈ వాషరు ఒక పక్కన ఎందుకు అరిగింది. అరిగిన పక్క తిరిగేదాని వైపు. ఇన్‌టేక్ వాల్వు పెద్దది, మసి పట్టింది ఎగ్జాస్టుది. రింగు మీద చిన్న అక్షరం పైకి ఉండాలి. పిల్లలకు చెప్పిన పాఠాలన్నీ ఒక్కొక్కటిగా వచ్చి, ఇనుములో తమ చోటు వెతుక్కుని కూర్చున్నాయి. నంబర్లు ఉండి ఉంటే చదివి పెట్టేవాడు. లేవు కాబట్టి తెలుసుకుని పెట్టాడు. చెయిను దగ్గర మాత్రం రెండు రోజులు ఆగాడు. పిస్టను సరిగ్గా పైకొసకు వచ్చినప్పుడే చెయిను ఎక్కించాలి, ఒక్క పన్ను తప్పినా వాల్వూ పిస్టనూ గుద్దుకుంటాయి, బోరంతా మళ్లీ మొదటికి. పైకొస ఎలా తెలియాలి. భద్రమ్మ వాకిలి ఊడుస్తోంది. ఆ చప్పుడు వింటూ వింటూ లేచి, చీపురులోంచి ఒక పుల్ల లాగి, ప్లగ్గు బొక్కలోంచి పిస్టను మీదికి దింపి, క్రాంకు మెల్లగా తిప్పాడు. పుల్ల లేచింది, లేచింది, ఆగింది, దిగబోయింది. ఆగిన చోట. పుల్ల మీద తడి చూసుకునే శ్రీలత వేలు గుర్తొచ్చింది. చెయిను ఎక్కించిన తరువాత చాలాసేపు ఆ పుల్లను పారేయలేకపోయాడు.

"బర్రె ఈనెటప్పుడు మా ముసలాయన గూడ గిట్లనే కూసునేటోడు, గీ గడప మీదనే" అంది భద్రమ్మ, టీ గ్లాసు చేతికిస్తూ. పక్కనే చతికిలపడింది. "ఇంకెంతసేపు?"

"జిగురు ఆరాలె."

"ఆరింది గావచ్చు. ముట్టుకొని చూడు."

"ముట్టుకోవద్దవ్వా!"

"నేనేం ముడుతలేను. నేను ముట్టుకుంటె నీ పానం పోతదని నాకెర్కలేదా." కాసేపు బండిని చూసింది. "రేపు పోతది గదా ఇది. కొట్టం మళ్ల ఖాళీ."

యోసేపు టీ తాగాడు. అది ఇంతదాకా తట్టలేదు అతనికి. అవుతుందా కాదా అన్నదే తట్టింది గానీ, ఏదైనా సరే పోతుందని తట్టలేదు. రెండేళ్లు ఇంట్లో ఏ వస్తువు కదిపినా శ్రీలత వస్తువే. కదపకుండా బతకడం అలవాటైంది. ఇది కదపగలిగిన వస్తువు, విప్పగలిగిన వస్తువు, నట్టు నట్టూ విప్పి లోపలంతా చూసి మళ్లీ కూర్చగలిగిన ఒకే ఒక్క వస్తువు. రేపు పోతుంది. పోవాలి. వాగవతల ఎవరో జ్వరంతో మంచంలో ఉంటారు. పోకపోతే దీని బతుకెందుకు.

ఎండ గోడెక్కి పోయింది. గంట అయింది. మూత అంచు మీద వేలు ఆనించాడు, ముద్ర పడలేదు. నూనె పోశాడు. చెమ్మ లేదు, ఎక్కడా లేదు. పెట్రోలు పోశాడు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కాబట్టి తాడే. పక్కింటివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు, వీధిలో కరెంటు పోయినప్పుడు మనుషులు చేసేది అదే. తాడు లాగాడు. లోపల మెత్తగా, నిండుగా బిగువు తగిలింది. నొక్కుతోంది. బోర్డు మీద రెండో డబ్బా, తన అరచేతిలో. కానీ అంటుకోలేదు. లాగాడు. లేదు. మళ్లీ మళ్లీ లాగాడు. భుజం మండింది. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పు రవ్వ ఉంది, ప్లగ్గు పొడిగా ఉంది. పొడిగా. ఎవరో అన్నారు, పోనీ సారూ, పొద్దున చూద్దురు. పొద్దున డీసీఎం వస్తుంది. చెయిను పన్ను తప్పిందా. స్లీవు కదిలిందా. మూడు ఊళ్ల పని తన చేతిలో తప్పిందా. కళ్లు మూసుకున్నాడు. మంచులో శ్రీలత, కుచ్చిళ్లు దోపుకుని. చీపురుపుల్ల. తరువాత ఎడమ పక్కకు వంగింది. చెయ్యి సీటు కిందికి పోయింది, తల వంచి ఒక్క క్షణం.

యోసేపు వంగాడు. చెయ్యి సీటు కిందికి పోయింది. ట్యాంకు కింద, వేళ్లకు చల్లగా చిన్న మీట. పెట్రోలు ట్యాపు. తనే విప్పాడు దాన్ని, తనే కడిగాడు, తనే కొత్త వాషరు వేసి మూసి పెట్టాడు. ఆమె వంగడానికీ దీనికీ ముడి మాత్రం ఇప్పుడు పడింది. ఇన్నేళ్లు ప్రార్థన అనుకున్నాడు. ఆమె పెట్రోలు వదులుతోంది. నవ్వు వచ్చింది, కొట్టంలో అందరి ముందూ తల వంచుకుని నవ్వాడు. ఇది తెలిస్తే ఎంత ఆట పట్టించేది. మీట తిప్పాడు. పైపులో పెట్రోలు దిగేదాకా అలాగే వంగి ఉన్నాడు. ఒక్క క్షణం అలాగే ఉండాలి. అందుకే ఉండేది ఆమె. ప్రార్థన కాకపోతేనేం, తను మాత్రం ఆ క్షణంలో ఒకటి చేసుకున్నాడు.

తాడు లాగాడు. దగ్గింది. లాగాడు. రేకుల కప్పు అదిరేట్టు ఒక్కసారి గర్జించి, తూలి, తెల్లటి పొగ కక్కి, నిలదొక్కుకుంది. టక టక టక టక. భద్రమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని, మూసుకున్న చేతులతోనే చప్పట్లు కొట్టబోయింది. యోసేపు ఫోను తీసి గీతకు కలిపి, హలో అనకుండా ఇంజను దగ్గర పెట్టాడు.  అవతల నుంచి గీత అంది, "సార్, గది మన బండి గొంతే."  మూత మీద భద్రమ్మ పెట్టిన బొట్టు ఒకటి తుడవకుండా వదిలేశాడు ఈ ఉదయం. అది వేడికి కొంచెం ముదురు ఎరుపు తిరిగింది. మిషన్ దవాఖాన వాళ్లు చూస్తారు. చూడనీ.

చాలాసేపు మోగనిచ్చి, ఆపాడు. ఆపాక వంగి ట్యాపు మూశాడు. వచ్చినవాళ్లు భుజం తట్టి పోయారు. సారు బండి లేపిండు, అని ఎవరో వీధి మలుపులో ఇంకెవరికో చెప్పడం చీకట్లో వినిపించింది. లోపల ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. పశువులున్నన్ని రోజులూ ఆ కొట్టం తలుపు దభాలున వేసేది భద్రమ్మ, సందులోని కుక్కలు ఉలిక్కిపడేవి. ఆమె లేచి, నడుం పట్టుకుని, లోపలికి ఒకసారి తొంగి చూసింది.

"పండనీ" అంది మెల్లగా. "రేపు దూరం పోవాలె."

రెండు చేతులతో తలుపు పట్టుకుని, కిర్రుమనకుండా కొంచెం పైకెత్తి, దగ్గరికి వేసింది.